ఉతుకుడు బండ మీద పిల్లి

ఇస్రాయేలు దగ్గర ఒక రేకు డబ్బా ఉంది. ఎప్పుడో బిస్కెట్లు వచ్చిన డబ్బా. మూత మీది బొమ్మ అరిగి అరిగి ఇప్పుడు ఒక గుర్రపు తోక మాత్రం మిగిలింది. అందులో అన్నీ దారాలే. ఒక్కో దారానికి రెండు ముళ్ళు. తెలియనివాళ్ళు చూస్తే చెత్త అనుకుని ఊడ్చిపారేస్తారు. ఆయన మాత్రం ఒక దారం తీసి వేళ్ళ మధ్య జార్చి, కళ్ళు మూసుకుని, "ఇది నర్సింగమ్మ కాలు" అంటాడు. ఇంకోటి తీసి, "గిది పెద్దులుది. కుడికాలు జర పొట్టి ఆయనకు" అంటాడు.

నారాయణపేటలో ముప్ఫై ఏళ్ళు ఆయన మగ్గాలు బిగించాడు. అక్కడివి గుంట మగ్గాలు. నేలలో గుంట తవ్వుతారు. నేసే మనిషి గట్టు మీద కూర్చుని కాళ్ళు గుంటలోకి వదిలి, అడుగునున్న కర్రలు తొక్కుతూ నేస్తారు. మగ్గం గుంజలు నాలుగూ నేలలోకి మూరెడు లోతు దిగి ఉంటాయి. ఎవరైనా కొత్త మగ్గం కావాలంటే ఇస్రాయేలు గడ్డపార ముట్టేవాడు కాదు. "ముందుగాల కూసో" అనేవాడు. ఆ మనిషిని అరుగు మీద కూర్చోబెట్టి, కాళ్ళు కిందికి వదలమని, మోకాలి నుంచి మడమ దాకా దారం పట్టి రెండు ముళ్ళు వేసేవాడు. ఆ తర్వాత బీడీ ముట్టించుకుని, ఆ మనిషి కూర్చోవడం, లేవడం, ఉత్త చేతులతో నేసినట్టు ఆడించడం పూటంతా చూసేవాడు.

"ఏం జూస్తవు మామా గంతసేపు? సంబంధం జూస్తున్నవా?" అని ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు.

"గుంట తప్పు దవ్వితే చీర మంచిగనే వస్తది బిడ్డా. నడుమే పోతది" అనేవాడు ఆయన.

వడ్రంగం వాళ్ళింట్లో ఎవరికీ రాదు. అమ్మానాన్నలు కూలికి పోయినవాళ్ళు. చిన్నప్పుడు ఒక వడ్రంగి మేస్త్రి కొట్టం గోడ మీద కూర్చుని, కిందికి దిగమంటే దిగి, వాళ్ళు లోపలికి పోగానే మళ్ళీ ఎక్కి, అలా చూసి చూసి నేర్చుకున్నాడు. పంతొమ్మిదో ఏట, కిర్రుమని మొత్తుకుంటున్న ఒక మగ్గాన్ని ఎవరూ అడగకుండానే సరిచేశాడు. ఆ మగ్గం మళ్ళీ నోరెత్తలేదు. ఆనాటి నుంచి ఆయన బిగించింది ఏదీ ఊగలేదు, ఒరగలేదు. ఆ మాట ఆయన తనంతట తాను చెప్పుకోడు. అడిగితే కాదనడు కూడా.

పిల్లి సంగతి ఇప్పుడు చెప్పుకోవాలి. అది నర్సింగమ్మ మగ్గం గుంటలో పుట్టింది. తల్లి ఎటో పోయింది. ఇది ఆమె పాదాల మధ్య, తొక్కుడు కర్రల కింద పెరిగింది. బూడిదరంగు ఒళ్ళు, తెల్లటి మూతి, కుందేలుకున్నట్టు బలమైన వెనక కాళ్ళు. గుంట అడుగున కూర్చుని తల పైకెత్తి చూసేది. అంతే, మరుక్షణం పైన అడ్డదూలం మీద ఉండేది. మధ్యలో ఏ మెట్టూ ఉండేది కాదు. పరిచిన పడుగు దారాల పక్క నుంచి పొగలా లేచిపోయేది, ఒక్క పోగు తెగేది కాదు. ఆ పన్నెండు మగ్గాల షెడ్డులో చేతులన్నీ ఆగిపోయి తలలన్నీ పైకి లేచేవి. మగ్గం మీద ఈ కొస నుంచి ఆ కొసకు పేక దారం మోసుకుంటూ ఎగిరే నాడె లాగే ఉందని దానికి నాడె అని పేరు పెట్టారు.

నారాయణపేట జిల్లా అయిన ఏడాది ఊళ్ళో కిరాయిలు పెరిగాయి. షెడ్డు యజమాని గుంటల్లో మొరం పోయించి, పైన టైల్స్ పరిపించి, దుకాణాలకిచ్చాడు. నేసేవాళ్ళు తలా ఒక దిక్కు సర్దుకున్నారు. ఇస్రాయేలుకు మోకాళ్ళు అప్పటికే మొరాయిస్తున్నాయి. కూతురు కోమల షాద్‌నగర్ పక్కన మందుగోళీల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. "నా కాడికి రా నాయినా, ఇద్దరం ఉందాం" అంది. ఆయన పనిముట్ల సంచీ, రేకు డబ్బా, మూత కట్టిన కూరగాయల గంప పట్టుకుని బస్సు దిగాడు. గంపలో నాడె ఉంది.

కోమల ఉండేది శ్యామలమ్మ ఇంటి మేడ మీద, ఒక గది, ఒక వంటగది. కింద శ్యామలమ్మ ఒక్కతే ఉంటుంది. అంగన్‌వాడీలో ఆయాగా పనిచేసి దిగిపోయిన మనిషి. ఇరవై ఐదేళ్ళు పసిపిల్లల్ని నిద్రపుచ్చి నిద్రపుచ్చి, ఇప్పుడు పగటి నిద్ర తనకు రావాల్సిన బాకీ అన్నట్టు చూసుకుంటుంది. కోమలకు రాత్రి డ్యూటీ పడినప్పుడు పగలు పడుకోవాలి కాబట్టి, గదికున్న ఒక్క కిటికీకీ మందుల పెట్టెల అట్టలు అంటించింది. పట్టపగలు కూడా గది గుంట అడుగులా చల్లగా, మసకగా ఉంటుంది. ఆ మసకలో పడుకుంటే ఇస్రాయేలుకు పాత షెడ్డు చప్పుళ్ళు వినబడుతున్నట్టే ఉండేది.

నాడె ఆ మసకలో నిలవలేదు. మంచం మీద నుంచి ఫ్రిజ్ మీదికి, ఫ్రిజ్ మీద నుంచి ఇనుప బీరువా మీదికి దూకేది. బీరువా పైరేకు దబ్బుమనేది. ఆ మోత గోడ వెంట కిందికి దిగి శ్యామలమ్మ దిండు కింద తేలేది.

"కోమలా! మీ ఇంట్ల పిల్లి ఉన్నదా, పిడుగు ఉన్నదా?" అని కింది నుంచి కేక.

"చెప్తనమ్మా దానికి!" అని పైనుంచి కోమల.

"చెప్తే ఇంటదా అది? నువ్వే ఇంటలేవు!"

కోమల ఫోనులో వెదికి, పిల్లులు ఎక్కడానికి స్తంభాలుంటాయని కనిపెట్టింది. అరలు, మెట్లు, గూళ్ళు ఉన్న స్తంభాలు. అది ఒకటి తెస్తే బీరువా జోలికి పోదని అనుకున్నారు. తండ్రీకూతుళ్ళిద్దరూ మెయిన్ రోడ్డు మీద కొత్తగా పెట్టిన పెంపుడు జంతువుల దుకాణానికి పోయారు. దుకాణం నడిపే మల్లేశ్ ఆరడుగుల స్తంభం చూపించాడు. మూడు అంతస్తులు, గుడ్డ తొడిగిన గూడు, వేలాడే ఈకల బంతి. ఇస్రాయేలు దాని నడినెత్తిన అరచెయ్యి పెట్టి కొంచెం నూకాడు. బంతితో సహా అంతా ఊగింది.

"గట్ల నూకద్దు కాకా! పిల్లి నూకుతదా ఏంది?"

"మా పిల్లి నూకుతది."

"ఎన్ని కిలోలుంటది?"

"నాలుగున్నర."

"నాలుగున్నర కిలోలకు గింత పరేషానా? ఈడ పెద్దపెద్ద పిల్లులున్నోళ్ళు కొనుకపోతున్నరు."

ఇస్రాయేలు వేలితో స్తంభాన్ని కొట్టి విన్నాడు. "డొల్ల" అన్నాడు మెల్లగా. "అట్ట గొట్టం మీద గుడ్డ చుట్టిన్రు. అతుకులన్నీ జిగురే." పైన చూశాడు, నడుమ చూశాడు, అతుకు అతుకూ వేలితో తడిమాడు. అడుగు మాత్రం చూడలేదు. ముప్ఫై ఏళ్ళలో గుంజ అడుగు చూడాల్సిన పని ఆయనకు ఎప్పుడూ పడలేదు.

ఇంటికొచ్చి తానే మొదలుపెట్టాడు. కట్టెల డిపోలో పాత టేకు వాసాలు ఏరి తెచ్చుకుని, డాబా మీద చిత్రిక పట్టాడు. ఐదడుగుల గుంజ, దానికి మూడు పలకలు, మేకు లేకుండా గాడిలో ముక్కు దిగేలా అతుకులు. గుంజ కింద మూరెడు వెడల్పు చెక్క. నూకి చూస్తే ఎక్కడా అతుకు కదల్లేదు. కోమల చుట్టూ తిరిగి చూసి, "షోరూమ్‌ల పెట్టచ్చు నాయినా" అంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

నాడె మొదటి రోజు వాసన చూసింది. రెండో రోజు ఎక్కింది. మూడో రోజు, మంగళవారం మధ్యాహ్నం, కోమల రాత్రి డ్యూటీ చేసొచ్చి నిద్రలో ఉంది. నాడె పైపలక మీద నుంచి బీరువా వైపు ఎగిరింది. అది బీరువా మీద వాలింది. స్తంభం మాత్రం వెనక్కి పోయి, నరికిన చెట్టులా నిలువునా కూలింది.

కోమల లేచి కూర్చుని, కలలోనే ఉన్నట్టు, "భూకంపమా నాయినా?" అంది.

శ్యామలమ్మ పిండి చేతులతోనే మెట్లెక్కి వచ్చింది. పైమెట్టు మీద గోడ పట్టుకుని రొప్పుతూ ఒక నిమిషం నిలబడింది. కోపం కంటే ముందు ఊపిరి రావాలి కదా.

"ఏమయ్యా ఇస్రాయేలూ, నా స్లాబు ఏమన్న పాపం జేసిందా?"

"తప్పైంది అక్కా."

"తప్పు గాదు, నాకు బీపీ అయితాంది. ఆదివారం దాకా చూస్త. ఆదివారం నాటికి ఆ పిల్లి అన్నా పోవాలె, మీరన్నా పోవాలె. అంతే."

ఆమె దిగిపోయాక కోమల కూలిన స్తంభం పక్కన చతికిలబడింది. ఫ్యాక్టరీ బస్సు ఆ వీధి చివరే ఆగుతుంది. అంత దగ్గరలో, ఆ కిరాయికి ఇంకో గది దొరకదు. "దీప్తి ఆదివారం మక్తల్ పోతది" అంది చివరికి. దీప్తి ఆమెతో పాటు పనిచేసే పిల్ల. "వాళ్ళింట్ల పల్లికాయ గోదాం ఉన్నదట. ఎలుకలు మస్తున్నయట. నాడె ఆడ మంచిగుంటది."

"ఊఁ" అన్నాడు ఇస్రాయేలు.

"ఊఁ అంటే?"

"ఆదివారం అంటే ఇంకా నాలుగు దినాలున్నది గద."

కూలిన స్తంభాన్ని లేపి చూశాడు. విరగలేదు. ఒక్క అతుకు సడలలేదు. అదే ఆయనకు అర్థం కాలేదు. తప్పు కనబడితే సరిచేయవచ్చు, కనబడని తప్పును ఎక్కడని పట్టుకుంటారు? బీరువా మీద నుంచి నాడె ఆయన్నే చూస్తోంది. ఆయన కట్టిన మగ్గాల మీద పెరిగిన పిల్లి కొంచెం తప్పితే ఆయన కట్టినదాని మీది నుంచి కిందపడేదే.

బుధవారం పొద్దున కోమల డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నాక, ఆయన రేకు డబ్బా తెచ్చుకుని గోడకానుకుని కూర్చున్నాడు. ఎవరి కోసం కట్టాడో ఆ మనిషిని కూర్చోబెట్టి చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది. ముందుగాల కూసో అని నాడెకు చెప్పనేలేదు.

ఆ పూటంతా చూశాడు. నాడె దూకే ముందు ముంగాలు ఒకటి పెట్టి నొక్కి చూస్తుంది. దూకేటప్పుడు వెనక కాళ్ళతో తన్నుతుంది. ఆయన సుద్దముక్కతో మంచం కోళ్ళ చుట్టూ నేల మీద గీతలు గీశాడు. మధ్యాహ్నానికి కోళ్ళు గీత దాటి వేలెడు జరిగాయి. సాయంత్రానికి నాలుగు వేళ్ళు. మంచం మీద కోమల బరువుంది, ఆమె ఎరగదు. నాలుగున్నర కిలోల పిల్లి మంచాన్ని మనిషితో సహా వెనక్కి తన్నుతోంది.

ఇంకోటి కూడా కనిపెట్టాడు. బీరువా మీదికి పోయాక నాడె పడుకోదు. పైన వెంటిలేటరు సందులో మూతి పెట్టి కూర్చుంటుంది. ఆయన స్టూలెక్కి తానూ అక్కడ మొహం పెట్టి చూశాడు. పక్కింటి చింతచెట్టు, కొమ్మ మీద రెండు ఉడుతలు, ఆ వెనక రైలు పట్టాలు, పట్టాల మీద వెలుగు. గదిలో ఇంకెక్కడి నుంచీ ఆ వెలుగు కనబడదు. ఆ దిక్కునే ఉన్న కిటికీకి అట్టలున్నాయి.

"గిందుకా నీ కొండలెక్కుడు" అన్నాడు పిల్లితో.

ఆ సాయంత్రం కోమల వంటింట్లో ఉండగా ఆయన నేల మీదే నడుం వాల్చాడు. నిద్రో మెలకువో తెలియని మత్తు. షెడ్డు కనబడింది. పన్నెండు మగ్గాల మీదా నేస్తున్నారు. నర్సింగమ్మ ఏదో పాట కూనిరాగం తీస్తోంది. ఎవరో, మొహం తెలియలేదు, మంచం మీది దుప్పటి లాగినట్టు మగ్గాల కింది నుంచి నేలను మెల్లగా లాగేస్తున్నారు. మన్ను మడతలు మడతలుగా పోతోంది. గుంజలు ఒక క్షణం గాల్లోనే నిలబడ్డాయి. తర్వాత ఒక్కొక్కటే, తొందరేమీ లేనట్టు, ఒరగడం మొదలుపెట్టాయి. నేసేవాళ్ళకు అది తెలియదు. నాడెలు అటూ ఇటూ ఎగురుతూనే ఉన్నాయి.

మెలకువ వచ్చేసరికి అరచెయ్యి టైలు మీద బోర్లా ఉంది. చల్లగా, నున్నగా, ఏదీ పట్టనివ్వని టైలు.

"గుంజలను పట్టుకున్నది నేలనే" అన్నాడు పైకే. "ఇన్నేండ్లు నేనే నిలబెట్టిన అనుకున్న."

"ఏంది నాయినా?" అంది కోమల వంటింట్లోంచి.

"ఏం లేదు బిడ్డా. ఆరడుగులు గాదు, ఐదడుగులు గాదు. మన పిల్లికి పొట్టిది గావాలె. కింద బరువు గావాలె."

"గంత ఎత్తు ఎగిరేదానికి పొట్టిది ఎట్ల సరిపోతది?"

"అది ఎత్తు కోసం ఎగురుతలేదు. చెట్టు కోసం ఎగురుతాంది. ఆ చెట్టును మనం కిందికి తెస్తే అయిపాయె."

మర్నాడు కిటికీ అట్టల్లో కింది వరస విప్పాడు. కోమల, "నాకు నిద్ర పట్టదు నాయినా" అని గొడవ పడింది. ఆయన తన పెట్టెలోంచి పాత నారాయణపేట చీర తీశాడు. కోమల తల్లిది, వంకాయరంగు, బుగడీల అంచు. దాన్ని మంచం తల వైపు, కాళ్ళ దిక్కు వదిలేసి, తాడు మీద పరదాలా కట్టాడు. చీరలోంచి వచ్చిన వెలుగు మంచం మీద పల్చగా, వంకాయరంగులో పడింది. కోమల లోపలికి దూరి పడుకుని, "అమ్మ కొంగు కింద పండుకున్నట్టుంది" అంది. అంటూనే నిద్రపోయింది.

నాడె నిద్రపోతున్నప్పుడు ఆయన దారం తీశాడు. సాగి పడుకున్న ఒళ్ళు ముక్కు నుంచి తోక మొదలు దాకా కొలిచి రెండు ముళ్ళు వేశాడు. పలక అంతకంటే జానెడు ఎక్కువ ఉండాలి. వాలినప్పుడు నాలుగు కాళ్ళూ పట్టాలి, తన్నినప్పుడు జాగా మిగలాలి. కిటికీ గట్టు మూడడుగుల ఎత్తులో ఉంది. పైపలక దానికి కొంచెం కిందుగా, రెండున్నర అడుగుల దగ్గర. కిందిది అడుగున్నర దగ్గర. అంతే, ఇంకా పైకి వద్దు. గుంజలు రెండు, పొట్టివి, తొడంత లావు. ఇక అడుగు.

అడుగు కోసం ఇంటి చుట్టూ తిరిగాడు. పెరట్లో బావురుమంటున్న నల్లా పక్కన, గోడకానించి ఒక షాబాద్ బండ ఉంది. రెండు మూడు వేళ్ళ మందం, రెండున్నర అడుగుల పొడవు. నడుమ అరిగి నున్నగా మెరుస్తోంది. వాషింగ్ మెషీన్ రాకముందు శ్యామలమ్మ బట్టలుతికిన బండ.

ఆమె మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"అక్కా, గా బండ మీకు పనికొస్తదా?"

"ఎందుకు?"

"పిల్లికి."

శ్యామలమ్మ చిక్కుడుకాయ తుంచడం ఆపింది. "పిల్లికా? నా అత్త పెండ్లినాటి బండ అది. నలభై ఏండ్లు దాని మీద బట్టలు బాదిన. దాని మీద నీ పిల్లిని కూసోబెడ్తవా?"

"నలభై ఏండ్లు బాదితే ఎన్నడన్న జరిగిందా అక్కా అది?"

"జరుగుడా?" ఆమెకు దెబ్బ తగిలినట్టయింది. "దుప్పట్లు బాదిన, గొంగళ్ళు బాదిన, మా ఆయన మీది కోపమంతా దాని మీదనే బాదిన. ఇంచు జరగలే."

"గందుకే అడుగుతున్న."

ఆమె ఆయన మొహం చూసింది, బండను చూసింది. "ఆదివారం దాకనే" అంది. "పిల్లిని దీప్తోళ్ళ గోదాంకు పంపుతమని కోమల చెప్పింది గద. అది పోయినంక నా బండ నాకు కిందికి దించియ్యాలె." లేవబోయి, మోకాలు పట్టుకుని, గోడ ఆసరా చేసుకుని లేచింది. ఆయన ఆమె లేవడం చూశాడు. బండ వైపు తిరిగాడు.

పక్క వాటాలో ఉండే ఎల్లేష్ సామాన్ల ఆటో నడుపుతాడు. అతనూ ఇస్రాయేలూ కలిసి మెట్టు మెట్టుకూ ఆగుతూ బండను పైకెక్కించారు.

"కాకా, పిల్లికి సమాధి కడ్తున్నవా ఏంది?" అన్నాడు ఎల్లేష్ చెమట తుడుచుకుంటూ.

"మగ్గం కడ్తున్న."

ఎల్లేష్‌కు అర్థం కాలేదు కానీ నవ్వాడు.

గురువారం, శుక్రవారం పని సాగింది. తుమ్మకర్రతో బండ చుట్టూ చట్రం కట్టాడు. పళ్ళెంలో రొట్టె ఉన్నట్టు చట్రంలో బండ కూర్చుంది. గుంజలు చట్రంలోకి దిగాయి, బండ బరువు వాటిని తొక్కిపట్టింది. అడుగున టైలు గీరుకుపోకుండా గోనెపట్టా కుట్టాడు. గుంజలకు మంచాలల్లే నులక బిర్రుగా చుట్టాడు, గోళ్ళు గీసుకోవడానికి. పలకల మీద పాత గొంగడి రెండు మడతలు వేసి బిగించాడు. ఎంత బరువు పడినా గొంగడి చప్పుడును తాగేస్తుంది. కిటికీ ముందు నిలబెట్టి, రెండు చేతులతో, ఒంట్లో ఉన్నంత బలంతో నూకాడు. తానే వెనక్కి జరిగాడు. అప్పుడు సుద్దముక్క తీసి బండ చుట్టూ గీత గీశాడు.

శనివారం పొద్దంతా నాడె బీరువా దిగలేదు.

కోమల డ్యూటీ నుంచి వచ్చి ఆ పొట్టి బల్లను, పైన మూతి వెంటిలేటరుకు ఆనించిన పిల్లిని, కింద గోడకానుకున్న తండ్రిని చూసింది. "దీప్తికి రేపు పొద్దున్నే ఆరుగంటల బస్సు నాయినా. గంప తీసి పెడ్తున్న" అంది. గంపను తలుపు దగ్గర పెట్టి చీర పరదాలోకి పోయింది. నిద్రపోయిందో లేదో తెలియదు.

గది నిశ్శబ్దంగా ఉంది. కిటికీ కింది వరసలోంచి ఎండ వచ్చి గొంగడి మీద పడింది. గొంగడి వెచ్చబడి, గొర్రెల మంద దాటిపోయినప్పటి వాసన వేసింది. ఇస్రాయేలు పిలవలేదు, చిటిక వేయలేదు. నేసేవాళ్ళు కూర్చునే దాకా ఎదురుచూసినట్టే చూశాడు. పొద్దు తిరిగింది. చింతచెట్టు మీద ఉడుత కీచుమంది. ఈసారి ఆ కూత కింది నుంచి, కిటికీలోంచి వచ్చింది.

నాడె చెవులు తిరిగాయి. బీరువా మీద నుంచి ఫ్రిజ్, ఫ్రిజ్ మీద నుంచి మంచం, మంచం మీద నుంచి నేల. బండ వాసన చూసింది. నలభై ఏళ్ళ సబ్బు వాసన ఇంకా ఉందేమో, ముక్కు ముడిచింది. ముంగాలు కిందిపలక మీద పెట్టి నొక్కింది. ఆగింది. ఇంకోసారి నొక్కింది.

ఆ తర్వాత అది వెనక్కి పోయింది. పోయిందే అనుకున్నాడు ఆయన. గది మధ్యలో కూర్చుని తల పైకెత్తి చూసింది. అచ్చం గుంట అడుగున కూర్చుని చూసినట్టు. అంతే, పైపలక మీద ఉంది. గాలి కదిలిన చప్పుడు కూడా రాలేదు. కిటికీ గట్టు మీద గడ్డం ఆనించి ఉడుతను చూసింది. తోక కొస ఒక్కటే ఆడుతోంది. కాసేపటికి అక్కడి నుంచి మంచం మీదికి, కోమల పాదాల దగ్గరికి ఎగిరింది. వెనక కాళ్ళు గట్టిగా తన్నాయి. ఆయన వంగి చూశాడు. సుద్దగీత గీత లాగే ఉంది.

ఎన్నిసార్లు ఎగిరిందో ఆయన లెక్కపెట్టలేదు. పలక మీదికి, మంచం మీదికి, మళ్ళీ పలక మీదికి. వంకాయరంగు వెలుగులోంచి బూడిదరంగు పిల్లి అటూ ఇటూ పోతూ వస్తుంటే, ఆయనకు కళ్ళు మూతలు పడ్డాయి. బీరువా జోలికి అది పోలేదు.

నాలుగు గంటలకు మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. మెల్లగా, మెట్టుకొకసారి ఆగుతూ. శ్యామలమ్మ తలుపు దగ్గర నిలబడింది. మొదట తలుపు పక్కన గంప చూసింది.

"కోమలా" అంది. గొంతు తగ్గించే అంది. "పిల్లేది? పంపేసిన్రా?"

కోమల పరదా తొలగించుకుని బయటికి వచ్చింది.

"ఆదివారం అంటిని గద. ఇయ్యాల శనివారమే గద. పొద్దుగాల్నుంచి చప్పుడు లేదు. టీవీ బందు పెట్టి మరీ ఇన్న. ఒక్క చప్పుడు లేదు. గట్ల ఎట్ల పంపిస్తరు చెప్పకుండ?" ఆమె చేతిలో పేపరు పొట్లం ఉంది. "ఎండు చేపలు వేయించిన. దారిల తింటదేమో అని."

ఇస్రాయేలు కిటికీ వైపు చూపించాడు.

నాడె పైపలక మీద, గొంగడి మీద, ఒళ్ళంతా సాగదీసి పడుకుని ఉంది. చేపల వాసనకు ఒక కన్ను తెరిచింది. లేచి, నడుం విల్లులా వంచి, ఆమె కాళ్ళ దగ్గరికి దూకింది.

శ్యామలమ్మ చెవి ఒగ్గి ఆగింది, ఇంకా రావాల్సిన చప్పుడు కోసం. రాలేదు.

"దూకిందా ఇప్పుడు?"

"దూకింది."

ఆమె పొట్లం పిల్లి ముందు విప్పి, పోయి బండ దగ్గర వంగింది. అరిగిన నడుమ భాగం మీద అరచెయ్యి పెట్టింది. "గిదేనా నాది?"

"మీదే. నూకి చూడున్రి."

శ్యామలమ్మ కొంగు దోపుకుని, రెండు చేతులూ గుంజకు ఆనించి, దుప్పటి బాదిన ఊపుతో నూకింది. కదల్లేదు. ఇంకోసారి నూకింది. "చెప్పిన గద, ఇంచు జరగదని" అంది, అదంతా తన పనే అన్నట్టు.

"మరి రేపు బండ కిందికి దించాల్నా అక్కా?"

"దించి ఏం జేస్త? మెషీన్ల ఏస్తనా?" ఆమె అటు తిరిగి, "కోమలా, ఆ పొల్లకు ఫోన్ జెయ్యి. గోదాంల ఎలుకలకు బోన్లు పెట్టుకొమ్మను" అంది.

కోమల అప్పటికే ఫోను చెవికి పెట్టుకుంది.

ఇస్రాయేలు రేకు డబ్బా తెరిచి, రెండు ముళ్ళ కొత్త దారం అందులో వేశాడు. శ్యామలమ్మ తొంగి చూసి, "గీ దారాలేంది?" అంది.

"మనుషుల కాళ్ళు అక్కా. గిది మాత్రం నాడెది."

ఆమె నవ్వుతూ స్టూలు మీద కూర్చోబోయింది. స్టూలు ఎత్తు ఎక్కువై పాదాలు నేలకు అందలేదు. దిగబోతే మోకాలు కలుక్కుమంది, గోడ పట్టుకుంది. ఇస్రాయేలు అది చూశాడు. ఈసారి ఊరుకోలేదు. డబ్బాలోంచి ముళ్ళు లేని దారం ఒకటి తీశాడు.

"అక్కా, మంచం మీద జర కూసోన్రి" అన్నాడు. "కాళ్ళు కిందికి వదలున్రి."